కేసు సినిమా గురించి అందరూ మమ్మల్ని అడుగుతున్నవి

ఆరు నెలలుగా రాజోలు, అమలాపురం, పాలకొల్లు మధ్య ఎక్కడ టీ తాగడానికి ఆగినా ఇవే ప్రశ్నలు. ఫోన్లో అడుగుతున్నారు, పెళ్ళిళ్ళలో అడుగుతున్నారు, ఒకాయనైతే దినం భోజనాల్లో పక్కన కూర్చుని మరీ అడిగాడు. నిజంగా జరిగిన ఒక హత్య కేసు మీద తీసిన ఈ సినిమాకి నేను కో-డైరెక్టర్ని. యూనిట్‌లో కోనసీమలో పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి లోకల్ కాస్టింగ్, లొకేషన్లు, పర్మిషన్లు అన్నీ నా నెత్తినే పడ్డాయి. తిట్లు కూడా. చెప్పగలిగినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. చెప్పలేనివి ఎందుకు చెప్పలేనో అది కూడా రాస్తున్నాను.

ఇది ఫలానా ఊళ్ళో జరిగిన కేసే కదండీ?

ఇప్పటికి నాతో తొమ్మిది ఊళ్ళ పేర్లు అన్నారు. తొమ్మిది మందీ "మాకు తెలుసులెండి" అనే మొదలుపెట్టారు. 1990ల్లో డెల్టాలో ఒక హత్య జరిగింది, కింది కోర్టులో ఒకతనికి శిక్ష పడింది, పైకోర్టులో అప్పీలు కూడా ముగిసిపోయింది. ఇంతవరకు చెప్పగలను. ఆ తొమ్మిదిలో అసలు ఊరు ఉందో లేదో కూడా చెప్పను. ఒక్కో ఊరికీ "కాదు" అంటూ పోతే మిగిలింది ఏదో లెక్క కట్టడం మనవాళ్ళకి నిమిషం పని.

నిజంగా జరిగిందే అయితే పేర్లు మార్చడం దేనికి? భయమా?

భయం కూడా ఉంది, దాచడం దేనికి. బతికున్న మనిషి మీద లేనిది చూపిస్తే పరువునష్టం కేసు. చనిపోయినవాళ్ళ పరువు తీసి వాళ్ళ ఇంటివాళ్ళ మనసు నొప్పించినా నేరమే. పాత ఐపీసీలో అది 499, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 356. కేసులో లైంగిక దాడి ఉంటే ఇంకా గట్టి కట్టుబాటు: బాధితురాలి పేరే కాదు, ఫలానా ఆవిడ అని గుర్తుపట్టించే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఆవిడ చనిపోయినా సరే ఇదే వర్తిస్తుందని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కేసులో అలాంటిది లేదు. అయినా మార్చాం.

మార్చడం అనుకున్నంత సులువు కాలేదు. హైదరాబాద్‌లో కూర్చుని రాసిన మొదటి డ్రాఫ్టులో పాత్రలన్నిటికీ ఇంటిపేర్లు ఉన్నాయి. మన దగ్గర ఇంటిపేరు చెబితే కులం తెలుస్తుంది, చాలాసార్లు ఊరు తెలుస్తుంది, ఒక్కోసారి ఏ వీధో కూడా తెలిసిపోతుంది. వినడానికి బాగుందని రచయిత పెట్టిన ఒక ఇంటిపేరు చూసి నాకు చెమటలు పట్టాయి. ఆ ఇంటిపేరు వాళ్ళు అసలు ఊరికి రెండు మైళ్ళలో పదిహేను గడప ఉన్నారు. రేపు సినిమా వస్తే వాళ్ళు నా ఇంటికే వస్తారు, హైదరాబాద్ వెళ్ళరు.

చివరికి సినిమాలో ఎవరికీ ఇంటిపేరు లేదు. కోర్టు సీన్‌లోనే చిక్కొచ్చింది. బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు కదా, ఇంటిపేరు లేకపోతే ఆ పిలుపు బోసిగా ఉంది. అందుకని పిలుపు మొదట్లో బయట రోడ్డు మీద ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంది. థియేటర్లో వింటే ఎవరికీ అనుమానం రాదు.

కేసు కాగితాలు ఎలా దొరికాయి? పోలీసాయన ఎవరైనా చాటుగా ఇచ్చారా?

చాటుగా ఇవ్వాల్సిన పని లేదు. తీర్పు ఎవరైనా తీసుకోవచ్చు. కేసుతో సంబంధం లేనివాళ్ళు కూడా కారణం చూపించి కాపీ అప్లికేషన్ పెట్టుకుంటే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. ఉమ్మడి తూర్పుగోదావరికి కలెక్టరాఫీసు కాకినాడ అయినా జిల్లా కోర్టు రాజమండ్రిలో. పశ్చిమ వాళ్ళకి రెండూ ఏలూరే. మేం ఏ బస్సెక్కామో చెప్పను.

ఆ కాగితాలు చదవడం ఒక చదువు. సాక్షి బోనులో తెలుగులో చెబుతాడు, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపు చేయిస్తారు. ఏ1, అంటే మొదటి నిందితుడు, చేతిసంచితో కాలువగట్టు వైపు వెళ్తుండగా చూశానని అర్థం వచ్చే చప్పటి ఇంగ్లీషు వాక్యం మా చేతికొచ్చింది. ఆ రోజు ఆ మనిషి నిలబడి అన్నది "ఆడు సంచట్టుకుని గట్టెంట ఎల్తన్నాడండి" అయి ఉంటుంది. ఇంగ్లీషులోకి వెళ్ళిన మాటని మళ్ళీ ఊరికి తెచ్చుకోవడమే మా డైలాగ్ రాతలో సగం పని.

తారీకులు ఇంకో తలనొప్పి. ముసలివాళ్ళని ఎప్పుడు జరిగిందని అడిగితే సంవత్సరం చెప్పరు. "86 వరదల తరవాత", "96 తుఫానుకి ముందు" అంటారు. ఈ రెండు మేకుల మధ్య పదేళ్ళు వేలాడుతుంటాయి. కాగితంలో ఉన్న తేదీకీ వాళ్ళ జ్ఞాపకానికీ తేడా వచ్చిన ప్రతిసారీ కాగితాన్నే నమ్మాం. ఒక్కచోట మాత్రం కాదు. ఆ రాత్రి వెన్నెలుందని ఇద్దరు వేరువేరుగా చెప్పారు. పంచాంగం తీసి చూస్తే పౌర్ణమికి రెండో రోజు. తీర్పులో "చీకటి" అని ఉంది. మేం వెన్నెల పెట్టాం.

ఇక కొత్త రచయిత ప్రతివాడూ పడే గొయ్యి ఒకటుంది. పోలీసు రికార్డులో, మధ్యవర్తుల సమక్షంలో నిందితుడు నేరం ఒప్పుకున్నాడని రాసిన పేజీలు ఉంటాయి. ఎందుకు చంపాడు, ఎలా చంపాడు, అప్పుడు మనసులో ఏమనుకున్నాడు, అన్నీ వరసగా ఉంటాయి. సీన్లు వండి వడ్డించినట్టే. కానీ పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ ఆ మాటే చెప్పింది, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షనూ అదే చెబుతోంది. ఆ మాటల వల్ల కత్తో నగో దొరికితే, ఆ దొరికినదానికి సంబంధించిన ముక్క వరకే పనికొస్తుంది. కోర్టే పక్కన పెట్టేసిన పేజీని మనం నిజమని యాభై అడుగుల తెర మీద వేస్తామా? డైరెక్టర్‌గారితో దీని మీద రెండు రోజులు గొడవ పడ్డాను.

నాకు కలిసొచ్చింది కొరియా ఉదాహరణ. హ్వాసాంగ్ హత్యల మీద బాంగ్ జూన్ హో 2003లో 'మెమరీస్ ఆఫ్ మర్డర్' తీసేనాటికి హంతకుడు దొరకలేదు. 2019లో డీఎన్ఏతో అసలువాడు తేలాడు. ఆ వరసలో ఒక హత్యకి, పోలీసుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు మీద ఇంకొకతను అప్పటికే దాదాపు ఇరవై ఏళ్ళు జైల్లో మగ్గి బయటికొచ్చాడు. అతను నిర్దోషి అని 2020లో కోర్టు తేల్చింది. ఇది విన్నాక డైరెక్టర్‌గారు ఆ పేజీలు నాకు తిరిగిచ్చేశారు. అందుకే మా సినిమాలో హత్య ఎలా జరిగిందో చూపించే సీన్ లేదు. సంచి ఉంటుంది, గట్టు ఉంటుంది, తెల్లారుతుంది.

చనిపోయినాయన ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా? ఎంతిచ్చారు?

కోర్టు రికార్డులో ఉన్నంతవరకు చెప్పుకోవడానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డు దాటి ఇంటి లోపలి సంగతుల్లోకి వెళ్తేనే చిక్కు. మా వకీలుగారు ఇది చెప్పి, "వెళ్ళకండి, వెళ్తే లేనిపోనివి మొదలవుతాయి" అన్నారు. ఆయన ఉండేది హైదరాబాద్. నేను రేపు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వాళ్ళు ఎదురుపడతారు.

వెళ్ళాను. ఆయన అక్కగారు అరుగు మీద వత్తులు చేసుకుంటున్నారు. సినిమా అనగానే ఏడుస్తారనో తిడతారనో అనుకున్నాను. మజ్జిగ ఇప్పించి, "మా తమ్ముడి వేషం ఎవరు వేస్తున్నారు బాబూ?" అన్నారు. ఇంకా అనుకోలేదన్నాను. చాలాసేపు వత్తులు చేస్తూ కూర్చుని ఒక్క మాట అడిగారు. "వాడు చేపల పులుసు తినేవాడు కాదు. చిన్నప్పుడు గొంతులో ముల్లు దిగింది. మీరు గోదావరి అంటే పులుసే పెడతారు. వాడిచేత తినిపించకండి."

నా సంచిలో ఉన్న స్క్రిప్టులో, చివరి రాత్రి భోజనం సీన్‌లో సరిగ్గా అదే ఉంది. మట్టి దాక, పొయ్యి, పులుసు. పప్పుచారు, గుమ్మడి వడియాలు అని మార్చాం.

డబ్బు ఇవ్వలేదు. వాళ్ళూ అడగలేదు. ఇచ్చి ఉంటే రేపు తెర మీద ఆయన్ని కాస్త మంచిగా చూపించినా "డబ్బు పుచ్చుకుని చూపించుకున్నారు" అనే నోళ్ళు మన దగ్గర తక్కువేం లేవు.

రెండో ఇంటికి కూడా వెళ్ళాను. ఈ సంగతి ఎవరూ అడగలేదు, అయినా చెబుతున్నాను. శిక్ష పడినతని కొడుకు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు, తప్పులేదు. "మా పిల్లల స్కూల్లో తెలుస్తుందాండీ?" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు. తిరిగొచ్చాక ఆ పాత్ర వృత్తి మార్చాం, పిల్లలే లేనట్టు రాశాం. కథకి నష్టమేనని ఎడిటర్ ఇప్పటికీ అంటాడు.

కోర్టులో ఇంకా నడుస్తున్న కేసు మీద సినిమా తీయొచ్చా?

తీయొచ్చేమో, విడుదల చేయడమే కష్టం. బొంబాయి పేలుళ్ళ మీద అనురాగ్ కశ్యప్ తీసిన 'బ్లాక్ ఫ్రైడే' 2004కే తయారైంది. విచారణ మీద ప్రభావం పడుతుందని నిందితులు కోర్టుకెళ్తే ఆగిపోయి, ఉగ్రవాద కేసులు చూసే టాడా కోర్టు తీర్పులు వచ్చాక 2007 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. మా నిర్మాతకి అంత వడ్డీ కట్టే ఓపిక లేదు. అందుకే ముగిసిపోయిన కేసు.

హంతకుడి వేషానికి మనిషిని ఎలా పట్టారు? అసలు మనిషి పోలికలు ఉండాలా?

పోలికలు ఉండకూడదు, అదే మొదటి షరతు. దొరికిన ఒకే ఒక్క ఫొటో పక్కన పెట్టి చూసి, పోలిక కనిపించినవాళ్ళని పక్కకి తప్పించాం. పోలిక ఉన్నవాణ్ణి పెడితే రేపు వాడికీ కష్టం, ఆ గుమ్మంలో నిలబడిన కొడుక్కీ కష్టం.

మా నిర్మాత ఒక హీరో పేరు అన్నారు. ఆయన పేరుతో మార్కెట్ అవుతుంది, నిజమే. డైరెక్టర్‌గారు ఒప్పుకోలేదు. 1967లో 'ఇన్ కోల్డ్ బ్లడ్' తీసేటప్పుడు కూడా ఇదే గొడవట. కాన్సాస్‌లో ఒక ఇంట్లో నలుగుర్ని చంపిన కేసది, ట్రూమన్ కపోటి పుస్తకం. పాల్ న్యూమన్, స్టీవ్ మెక్వీన్‌లని పెట్టమని కొలంబియా స్టూడియో అంటే, డైరెక్టర్ రిచర్డ్ బ్రూక్స్ కాదని రాబర్ట్ బ్లేక్, స్కాట్ విల్సన్‌లని తీసుకున్నాడు. స్టార్ తలుపు తడితే చూసేవాడికి స్టారే కనిపిస్తాడు. లోపలున్నవాళ్ళకి ఏమవుతుందో అన్న టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అమలాపురంలో ఒక కల్యాణ మండపం తీసుకుని మూడు రోజులు ఆడిషన్లు పెట్టాం. నాలుగు వందల మంది పైనే వచ్చారు. హంతకుడి వేషం అని ఎలా పొక్కిందో తెలియదు, సగం మంది గడ్డాలు పెంచుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చారు. ఒకతను కొబ్బరి దింపే కత్తి తెచ్చుకున్నాడు. అది గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పెట్టించి లోపలికి పంపాం. అందరూ పళ్ళు కొరుకుతూ డైలాగులు చెప్పారు.

మా పరీక్ష వేరు. తీర్పులో ఒక సాక్షి ఉన్నాడు. పక్క ఊరి మనిషి, ఆ రాత్రి దారి తప్పి కాలువగట్టు మీద సైకిల్‌తో ఎదురొచ్చిన ఒకతన్ని దారి అడిగాడు. అతను సైకిల్ దిగి, నిదానంగా, అర్థమయ్యేదాకా రెండుసార్లు దారి చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సైకిల్ మనిషే ఏ1. అప్పటికి పని అయిపోయింది. ఇది చదివినప్పటి నుంచి మా అందరికీ నిద్ర పట్టనిచ్చింది కాదు. అందుకని వచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగాం: "మాకు ఊరు కొత్త. మీ ఇంటి నుంచి బస్టాండుకి ఎలా వెళ్ళాలో చెప్పండి."

దారి చెప్పమంటే మనిషి నటించడం మరిచిపోతాడు. లేదా దారి చెప్పడాన్నే నటిస్తాడు, అది వెంటనే దొరికిపోతుంది. మూడో రోజు సాయంత్రం, పరిషత్తు నాటకాల్లో ఇరవై ఏళ్ళుగా చిన్నచిన్న వేషాలు వేసే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చారు. చేతిలో టెస్టర్ జేబులో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. "కుళాయి దగ్గర ఎడం పక్కకి తిరగండి. నాకు ఎడం కాదండి, మీకు ఎడం. అక్కడ ఒక కుక్క ఉంటుంది. అరుస్తుంది గానీ ఏమీ అనదు. భయపడకుండా వెళ్ళిపోండి." డైరెక్టర్‌గారు పెన్ను కింద పెట్టేశారు. ఆ కుక్క సినిమాలో ఉంది.

అగ్రిమెంటు రోజు ఆయన భార్య నన్ను పక్కకి పిలిచి అడిగారు: "సినిమా వచ్చాక మా ఆయన్ని కరెంటు పనికి ఎవరైనా ఇంట్లోకి రానిస్తారా అన్నయ్యగారూ?" నా దగ్గర జవాబు లేదు. ఆయనే నవ్వి "మీసం తీసేస్తే సరి" అన్నారు. షూటింగ్ అయిపోయిన దగ్గర్నుంచి మీసం లేకుండానే తిరుగుతున్నారు. పనులు వస్తున్నాయట. రిలీజ్ అయ్యాక చూడాలి.

లోకల్ వాళ్ళకి వేషాలు ఇచ్చారా, అన్నీ హైదరాబాద్ వాళ్ళకేనా?

మాట్లాడే పాత్రలు ముప్ఫై ఒకటి. అందులో పంతొమ్మిది మంది ఇక్కడివాళ్ళు. 1936లోనే నిడమర్తి సూరయ్యగారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టిన నేల ఇది, నటులకి కరువేంటి? పద్యనాటకం వాళ్ళతోనే కాస్త ఇబ్బంది. వెనక బెంచీ దాకా వినిపించాలని గొంతు ఎత్తేస్తారు. ఒక పెద్దాయనకి, పక్క గదిలో మనవడు నిద్రపోతున్నాడనుకుని మాట్లాడమని చెప్పాం. కుదిరింది.

బయటి నుంచి వచ్చిన నటులకి యాస నేర్పడం పెద్ద పని. వాళ్ళకి గోదావరి యాస అంటే వాక్యానికో "ఆయ్". ఎస్సైకి వాంగ్మూలం ఇస్తూ కూడా "ఆయ్" అన్నారు. మన దగ్గర కాకీ చొక్కా ముందు "ఆయ్" రాదు, గొంతు తగ్గి ప్రతి మాటకీ "అండి" తగులుకుంటుంది. కోపం వచ్చినా "అండి" పోదు. "మీ అంతు చూస్తానండి" అని తిట్టుకునే జిల్లా మనది.

చిన్నపిల్లతో హత్య సినిమా తీశారట?

పిల్ల కాదు, బాబు. అసలు కేసులో సాక్ష్యం చెప్పింది ఎవరో పోల్చుకోకుండా ఉండాలని అలా మార్చాం. నేరానికి సాక్షులైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది.

ఇక నటించిన బాబు సంగతి. 2017 బాల కార్మిక నిబంధనల ప్రకారం పిల్లలతో షూటింగ్‌కి ముందు కలెక్టర్ అనుమతి కావాలి. రోజుకి అయిదు గంటలు మించకూడదు, మూడు గంటలకోసారి విశ్రాంతి ఇవ్వాలి, వరసగా 27 రోజులు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. అన్నీ చేశాం. శవం ఉన్న షాట్‌లో వాడు లేడు. వాడు చూసింది కొబ్బరి చెట్టెక్కుతున్న ఉడతని. చూసి భయపడమంటే ఏం చేశాడో తెలుసా, ఉడత పడిపోతుందని భయపడ్డాడు. ఆ మొహమే వాడాం.

హత్య జరిగిన చోటే తీశారా?

లేదు. పైన చెప్పిన కాన్సాస్ సినిమావాళ్ళు అసలు ఇంట్లోనే తీశారు, అసలు కోర్టు హాల్లోనే తీశారు, నాటి జ్యూరీలో ఉన్నవాళ్ళు కొందర్ని మళ్ళీ అక్కడే కూర్చోబెట్టారు. సినిమాగా గొప్పదే. నాకు మాత్రం అది తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అదే గది, అదే మంచం ఉన్న చోటు. మన దగ్గర ఆ పని చేసి ఆ ఊళ్ళో మళ్ళీ మంచినీళ్ళు అడగలేం.

చేద్దామన్నా కుదరదు కూడా. తీర్పులో వరిచేను అని ఉన్న చోట ఇప్పుడు రొయ్యల చెరువు. డెల్టాలో 1990ల నాటి చేను దొరకాలంటే చెరువు లేని వైపు కెమెరా తిప్పుకోవడమే. కళ్ళని మోసం చేయొచ్చు గానీ చెవుల్ని కాదు. సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేయడం) పెట్టుకున్నాం, రాత్రయితే అర కిలోమీటరు అవతల నుంచి చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు. ఆపమంటే రైతు ఊరుకుంటాడా, గంట ఆపితే రొయ్య తేలిపోతుంది. గట్టు మీది మాటలన్నీ మళ్ళీ డబ్బింగ్ చెప్పించాం.

చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. బండి నంబర్లు ఏపీ 5, ఏపీ 37 ఉండాలి, 2019 తర్వాత వచ్చిన ఏపీ 39 ఒక్కటి ఫ్రేములోకి దూరినా కుర్రాళ్ళు స్క్రీన్‌షాట్ పెట్టేస్తారు. కాలువ సీన్లకి నీళ్ళుండాలి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తే మళ్ళీ జూన్‌లో ధవళేశ్వరం నుంచి వదిలేదాకా అడుగున బురదే. పోనీ వానల్లో తీద్దామంటే జూలైలో ఎర్రనీరు. కథ జరిగింది మాఘమాసం, నీళ్ళు తేటగా ఉండాలి. కాలువ షెడ్యూల్ అంతా సంక్రాంతి వెళ్ళాక పెట్టుకున్నది అందుకే.

గోదావరి అందాలు ఉంటాయా?

తక్కువ. కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో కనిపించిన సినిమా చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయిన దగ్గర్నుంచి నిర్మాతకి ఇంకో అందమైన చెట్టు కావాలని కోరిక. ఈ కథలో చెట్టు కింద ఎవరూ పాట పాడరండీ అని చెప్పాల్సొచ్చింది. పొద్దున్నే మంచులో పడవ షాట్ ఒకటి ఆయన కోసం తీశాం. ఎడిటింగ్‌లో ఉంటుందో లేదో.

పోలీసులు నిజంగా పట్టుకెళ్ళారంటగా మీ వాళ్ళని?

తిరగేసి చెబుతున్నారు. సంక్రాంతికి పది రోజుల ముందు స్టేషన్ సీన్లు తీస్తున్నాం. ఎస్సై వేషం వేసినాయన, భుజం మీద రెండు నక్షత్రాలు, చేతిలో లాఠీ, షాట్ మధ్యలో ఫోన్ మాట్లాడుకుంటూ పక్క కొబ్బరితోటలోకి నడిచారు. అక్కడ డింకీ పందేలు (కత్తి కట్టని కోడిపందేలు) ఆడుతున్నారు. నలభై మంది చెప్పులు, రెండు మోటార్ సైకిళ్ళు, ఒక కోడిపుంజు వదిలేసి కాలువలో దూకారు. ఈయన ఆ కోడిని చంకలో పెట్టుకుని సెట్‌కి వచ్చారు. సాయంత్రం దాని యజమాని వచ్చి బతిమాలుకుని పట్టుకెళ్ళాడు. ఆ రోజు నుంచి షాట్ లేనప్పుడు యూనిఫాం మీద లుంగీ, కండువా కప్పుకోవాలని రూల్ పెట్టాం.

శవంగా పడుకున్నది బొమ్మా, మనిషా?

దూరం షాట్లలో బొమ్మ, దగ్గర మనిషి. ఊపిరి బిగబట్టడం కాదు అసలు కష్టం, గండుచీమలు. ఒళ్ళంతా దోమల క్రీము రాసుకుని, కింద పసుపు చల్లించుకుని పడుకున్నా చెవిలోకి ఒకటి వెళ్ళింది. కట్ చెప్పేదాకా కదల్లేదు మహానుభావుడు.

మా మండువా ఇల్లు షూటింగ్‌కి ఇవ్వొచ్చా?

ఇవ్వండి, కానీ కాగితం రాయించుకోండి. కరెంటు వాళ్ళ జనరేటర్ నుంచే. దేవుడి గది తాళం మీ దగ్గరే. ముఖ్యంగా పెంకులు: లైట్‌మెన్ పైకెక్కితే పగలక తప్పదు, ఆ పాత సైజు పెంకు ఇప్పుడు దొరకదు. ఎక్కకముందు ఫొటోలు తీసుకుని, పెంకుకి ఇంతని ముందే రాయించుకోండి. మా నిర్మాత ఇది చదవరనే అనుకుంటున్నాను.

సెన్సార్ అయిందా? రిలీజ్ ఎప్పుడు?

కాలేదు. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో యూఏ సర్టిఫికెట్‌లో వయసుని బట్టి 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. మాకు 16+ వస్తుందని అనుకుంటున్నాం. తేదీ నాకే తెలిస్తే మా ఇంట్లో చెప్పనా?

కోర్టు సీన్‌లో జనంలో కూర్చున్నాను, డబ్బులు ఇంకా రాలేదు.

తప్పు నాదే. ఆ రోజు వానకి హాజరు పుస్తకం తడిసి ఒక పేజీ ముద్దయిపోయింది. పదకొండు మంది బేటాలు (రోజువారీ డబ్బులు) నిలిచిపోయాయి. ఆ సీన్ రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజి) ఆపి ఆపి మొహాలు చూసి తొమ్మిది మందిని పోల్చాం, వాళ్ళకి అందాయి. ఇద్దరు మిగిలారు. ఒకావిడ వెనక్కి తిరిగి కూర్చున్నారు, జడలో కనకాంబరాలు. ఇంకొకాయన మొహానికి స్తంభం అడ్డం, చేతిలో నల్ల గొడుగు, దాని పిడి విరిగి గుడ్డ చుట్టి ఉంది. మీరే అయితే రావులపాలెంలో మా ఆఫీసుకి రండి. గొడుగు కూడా తెండి.